వన్‌టౌన్‌లో పాత మేడకు మార్పులు చేయాలన్నా, కొత్త బోర్డు పెట్టాలన్నా: మొదటి ఫొటో నుంచి ఆఖరి బోల్టు దాకా

మా తాతగారి మేడ విశాఖ పాత పట్టణమైన వన్‌టౌన్‌లో, కురుపాం మార్కెట్‌కు నడిచి వెళ్ళేంత దూరంలో ఉంది. కింద షాపు, పైన ఇల్లు. పిట్టగోడ మధ్యలో సున్నంతో పోసిన ఒక పలక ఉంటుంది. దానికి రెండు పక్కలా లతలు, నడుమ మేడ కట్టిన సంవత్సరం. కొన్నేళ్ళ కిందట షాపు అద్దెకు తీసుకున్నవాళ్ళు కొత్త బోర్డు పెట్టించారు. షట్టర్ పైనుంచి పిట్టగోడ దాకా ఏసీపీ (అల్యూమినియం పొరల ప్యానెల్) షీటు, దాని వెనక ఇనుప ఫ్రేము. షీటు కప్పేసింది కాబట్టి వెనక ఏం జరిగిందో మాకు తెలియలేదు. వాళ్ళు ఖాళీ చేసి షీటు విప్పినప్పుడు చూశాం. డ్రిల్లు దిగిన చోట పలక పగిలి ఉంది. 1, 9, 2 అంకెలు మిగిలాయి. నాలుగోది లేదు.

ఆ బోర్డుకు వాళ్ళు ఎవరినీ అడగలేదు, మేమూ వాళ్ళను ఆపలేదు. ఆ తర్వాత మేడ బాగు చేయించేటప్పుడు ఆఫీసుల చుట్టూ, మేస్త్రీల చుట్టూ తిరిగి నేర్చుకున్నదంతా ఇక్కడ వరసగా రాస్తున్నాను. కోటవీధి, సోల్జర్‌పేట, వెలంపేట, చెంగల్రావుపేట, బురుజుపేట, మెయిన్ రోడ్డు, ఇంకా భీమిలి పాత వీధులు. వీటిలో ఎక్కడైనా పాత కట్టడం ఉన్నవాళ్ళకు, అందులో షాపు నడుపుతున్నవాళ్ళకు ఇది పనికొస్తుంది.

ముందుగా ఒక మాట. పాత పట్టణాల్లో కట్టడాల ముఖం మారిస్తే ఊరి స్వరూపమే మారిపోతుందని, అలాంటి మార్పులను ఒక కమిటీ చూసి సరే అనాలని చాలా చోట్ల పద్ధతి ఉంది. మన దేశంలో బొంబాయి 1995లో ఇలాంటి నియమాలు తెచ్చింది. కేంద్రం 2016లో విడుదల చేసిన నమూనా భవన నియమావళిలో వారసత్వ కట్టడాలకు ఒక అధ్యాయమే ఉంది. అందులో మూడు గ్రేడ్లు చెప్పారు. మొదటి గ్రేడు కట్టడాల జోలికి దాదాపు వెళ్ళకూడదు. రెండో గ్రేడులో జాగ్రత్తగా కొన్ని మార్పులు చేసుకోవచ్చు. మూడో గ్రేడు వీధి అందానికి సంబంధించింది. విడిగా చూస్తే మామూలు మేడే, కానీ వరసలో అది లేకపోతే వీధి బోసిపోతుంది. మన వన్‌టౌన్ మేడల్లో ఎక్కువ భాగం ఈ మూడో రకమే అని నా అభిప్రాయం.

అయితే విశాఖలో మామూలు షాపు యజమాని పని ఒక కమిటీ ముందు, ఒక్క బల్ల దగ్గర తేలదు. కట్టడం సంగతి జీవీఎంసీ (నగరపాలక సంస్థ) టౌన్ ప్లానింగ్ చూస్తుంది. బోర్డు సంగతి ఇంకో విభాగం. పక్కన రక్షిత కట్టడం ఉంటే పురావస్తు శాఖ వస్తుంది, సముద్రం దగ్గరైతే తీర నియమాలు వస్తాయి. అన్నింటినీ కలిపి 'ఈ మార్పు ఈ వీధికి నప్పుతుందా' అని అడిగేవాళ్ళు మాత్రం ఉండరు. ఆ ప్రశ్న మీరే వేసుకుని, జవాబు కాగితాల మీద పెట్టి తీసుకెళ్ళాలి. నేను చెప్పే పద్ధతి అంతా ఇదే.

మొదటి పని: ఎదుటి పేవ్‌మెంటు మీద నిలబడండి

మేస్త్రీని పిలవకముందే, ఎల్‌టీపీ (ప్లాన్ గీసి పెట్టే లైసెన్సు నిపుణుడు) దగ్గరికి వెళ్ళకముందే, ఒక ఆదివారం పొద్దున్న రోడ్డుకు అవతల నిలబడి మీ మేడను చూడండి. పొద్దున్న ఆరున్నర ఏడింటికి బళ్ళు అడ్డం ఉండవు, షట్టర్లు మూసి ఉంటాయి, ఎండ ఏటవాలుగా పడి గోడ మీద చిన్న చిన్న నగిషీలు కూడా తేలి కనిపిస్తాయి. మీ మేడతో పాటు ఎడమన రెండు, కుడిన రెండు కలిపి ఫొటో తీయండి. తర్వాత దగ్గరికి వెళ్ళి ఒక్కో భాగం విడిగా తీయండి: తలుపులు, వెంటిలేటర్లు, ఆర్చీలు, స్తంభాల తలలు, సన్‌షేడు కింద బ్రాకెట్లు, పిట్టగోడ, అరుగు. ఫ్లెక్సీల వెనక, ఏసీ బాక్సుల వెనక ఏముందో కూడా చూడండి. మా పలక సంగతి అప్పుడే చూసి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు.

ఈ ఫొటోలు తర్వాత మూడు చోట్ల అక్కరకొస్తాయి: దరఖాస్తుకు, మేస్త్రీకి, రేపు ఏదైనా గొడవ వస్తే 'ముందు ఇలా ఉండేది' అని చూపించడానికి. తేదీ పడేలా తీసి, ప్రింట్లు కూడా వేయించి పెట్టుకోండి.

పాత కాగితాలు కూడా అప్పుడే తీయండి. దస్తావేజు, ఈసీ (ఆస్తి లావాదేవీలు చూపే ధ్రువపత్రం), ఇంటి పన్ను రసీదులు, నీటి కుళాయి కనెక్షన్ కాగితం, కరెంటు సర్వీసు తీసుకున్న నాటి కాగితం ఉంటే అదీ. మేడ ఎప్పటినుంచి ఉందో రుజువు చేసే ప్రతి ముక్కా ముఖ్యమే. ఎందుకో తర్వాత అడుగులో తెలుస్తుంది. ఇంట్లో పాత పెళ్ళి ఫొటోలుంటే అవీ వెతకండి. వీధిలో పందిరి వేసి తీసిన ఫొటోల వెనక మేడ ముఖం పడి ఉంటుంది. మా మేడకు మొదట్లో చెక్క రెక్కల కిటికీలు ఉండేవని మాకు తెలిసింది మా పెద్దత్త పెళ్ళి ఫొటోలోనే.

ఇంకో చిక్కు ఇక్కడే తేల్చుకోవాలి. పాత మేడలు చాలావరకు ఉమ్మడి ఆస్తులు. నలుగురు అన్నదమ్ముల వారసుల్లో ఒకరు అమెరికాలో, ఒకరు అనకాపల్లిలో ఉంటారు. దరఖాస్తు మీద హక్కుదారులందరి సంతకాలు, లేదా జీపీఏ (వాళ్ళ తరఫున సంతకం పెట్టే అధికార పత్రం) కావాలి. అద్దెకున్నవాళ్ళైతే యజమాని సంతకంతో ఎన్ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తీసుకోవాలి. సత్రం, గుడి, దర్గా, చర్చి ఆస్తి అయితే సంబంధిత సంస్థ నుంచి రాతపూర్వక అనుమతి లేకుండా ఒక్క మేకు కూడా కొట్టొద్దు. ఈ సంతకాల పని ఆఖర్న పెట్టుకుంటే నెలలు పోతాయి. మా ఇంట్లో అదే జరిగింది.

రెండో పని: ఏ నియమం నీడ మీ మీద పడుతుందో చూసుకోండి

అన్నిటికంటే గట్టిది కేంద్ర రక్షిత కట్టడాల చట్టం, 1958. దానికి 2010లో చేసిన సవరణ ప్రకారం రక్షిత ప్రాంతం హద్దు నుంచి 100 మీటర్ల లోపు నిషేధిత ప్రాంతం. అక్కడ కొత్త కట్టడం అసలు కుదరదు. పాత కట్టడానికి మరమ్మతు చేసుకోవాలన్నా అనుమతి కావాలి, అదీ ఆ కట్టడం 1992 జూన్ 16కు ముందునుంచి ఉందని, లేదా తర్వాత అనుమతితోనే కట్టారని రుజువు ఉంటేనే. నీటి కుళాయి కాగితం కూడా తీయమన్నది అందుకే. ఆ 100 మీటర్లు దాటాక ఇంకో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. అక్కడ కట్టుకోవచ్చు, కానీ నేషనల్ మాన్యుమెంట్స్ అథారిటీ, అంటే ఎన్ఎంఏ సిఫారసు మీద అనుమతి వచ్చాకే. దరఖాస్తును సమర్థ అధికారికి (ఈ చట్టం కింద అనుమతులిచ్చే అధికారి) పెట్టాలి. ఆయన 15 రోజుల్లో ఎన్ఎంఏకు పంపాలి. ఎన్ఎంఏ రెండు నెలల్లో తన మాట చెప్పాలి. అది అందిన నెలలోపు సమర్థ అధికారి మీకు జవాబివ్వాలి. అంటే కాగితం మీదే దాదాపు మూడున్నర నెలలు. అడక్కుండా కడితే రెండేళ్ళ వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ.

రాష్ట్రానికి వేరే చట్టం ఉంది, 1960 నాటిది. తొట్లకొండ, బావికొండ, పావురాలకొండ రాష్ట్ర పురావస్తు శాఖ కింద ఉన్నాయి. భీమిలిలో ఉన్నవాళ్ళు డచ్ సమాధుల చుట్టుపక్కలైతే తప్పకుండా రెండు శాఖల జాబితాలూ చూసుకోండి, దూరం కొలిపించుకోండి. కొలత రక్షిత ప్రాంతం హద్దు నుంచి, మధ్యలో ఉన్న కట్టడం గోడ నుంచి కాదు. ఈ తేడా తెలియక పొరపాటు పడేవాళ్ళున్నారు.

పురావస్తు శాఖ జాబితాలో లేకపోయినా, వారసత్వ కట్టడంగా నోటిఫై అయిన దాని పక్కన మీ స్థలం ఉంటే రాష్ట్ర భవన నియమాల ప్రకారం ముందస్తు క్లియరెన్సు తీసుకోవాలి. టౌన్ ప్లానింగ్‌లో, వీఎంఆర్‌డీఏలో (విశాఖ ప్రాంత అభివృద్ధి సంస్థ) రెండు చోట్లా అడగండి. నోటితో 'ఏం లేదండి, కట్టుకోండి' అంటే నమ్మి వచ్చేయొద్దు. ఒక కాగితం మీద ప్రశ్న రాసి ఇచ్చి, రసీదు తీసుకోండి.

సముద్రానికి దగ్గరగా ఉన్నవాళ్ళకు తీర ప్రాంత నియంత్రణకు సంబంధించిన సీఆర్‌జెడ్ నోటిఫికేషన్ వర్తిస్తుంది. పోటు గీత నుంచి 500 మీటర్ల దాకా దాని పరిధి. అప్పటికే కట్టడాలతో నిండిన పట్టణ భాగం రెండో తరగతిలోకి వస్తుంది. ఎత్తు పెంచాలన్నా, వాడకం మార్చాలన్నా, అంటే ఇంటిని హోటల్ చేయాలన్నా, మీ సర్వే నంబరు తీర నియంత్రణ పటంలో ఎక్కడ పడుతుందో ముందు చూపించుకోవాలి. మన విమానాశ్రయం నేవీది కాబట్టి ఎత్తుకు వాళ్ళ ఎన్ఓసీ సంగతి కూడా ఎల్‌టీపీని అడగండి. ఒక అంతస్తు పెంచకుండా ముఖం బాగు చేసుకునేవాళ్ళకు ఈ బాధ ఉండదు.

చివరగా రోడ్డు వెడల్పు. మాస్టర్ ప్లాన్‌లో మీ వీధికి ఎంత వెడల్పు గీశారో చూడకుండా ముందుగోడ మీద లక్షలు పోయొద్దు. గీత మీ వరండా మీదుగా పోతుంటే టీడీఆర్ బాండు (పోయే స్థలానికి బదులుగా ఇచ్చే నిర్మాణ హక్కు పత్రం) సంగతి, మిగిలే స్థలం సంగతి టౌన్ ప్లానింగ్‌లో కూర్చుని మాట్లాడుకోవాలి. రోడ్డు విస్తరణకు ఈ ఊళ్ళో పాత చరిత్రే ఉంది. బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారిని రోడ్డు కోసం పక్కకు జరిపితే ప్లేగు వచ్చిందని, మళ్ళీ తెచ్చి నిలిపారని, అమ్మవారికి ఇప్పటికీ పైకప్పు లేదని పెద్దలు చెప్పుకుంటారు. నమ్మకం సంగతి ఎలా ఉన్నా, వీధిలో ఒకదాన్ని కదిలిస్తే అది ఊరందరి విషయం అవుతుందన్న ఎరుక ఆ కథలో ఉంది.

మూడో పని: మీరు చేయబోయేది ఏ రకం పనో విడదీయండి

సున్నం వేయడం, పగిలిన పెంకులు మార్చడం, గచ్చు బాగు చేయడం, తలుపులకు రంగు. ఇలాంటి వాటికి మామూలుగా ప్లాన్ అడగరు. రక్షిత ప్రాంతం పక్కన ఉన్నవాళ్ళు మాత్రం ఇవి కూడా అడిగే చేయాలి.

గోడ తీయడం, కిటికీని షట్టర్ చేయడం, పైకప్పు మార్చడం, గది కలపడం, అంతస్తు వేయడం, ఇంటిని షాపుగా మార్చడం. వీటికి అనుమతి తప్పదు. 'లోపల పనే కదా' అని మొదలెట్టినవాళ్ళకు వార్డు సచివాలయం నుంచి నోటీసు వచ్చిన సందర్భాలు నాకు తెలుసు.

మూడోది కూల్చి కట్టడం. చాలామంది 'బాగు చేయడం ఎందుకు, కొట్టేసి కొత్తది కట్టుకుందాం' అంటారు. ఒక్కసారి లెక్క వేసి చూడండి. మీ పాత మేడ రోడ్డు అంచు దాకా ఉంది, పక్క గోడ పక్కింటిని ఆనుకుని ఉంది. కూల్చారంటే కొత్త నియమాలు వర్తిస్తాయి. ముందు ఖాళీ వదలాలి, రోడ్డు వెడల్పును బట్టి, స్థలాన్ని బట్టి చుట్టూ వదలాలి, పార్కింగు చూపించాలి. వన్‌టౌన్‌లో సన్నటి స్థలాల్లో ఇవన్నీ పోగా మిగిలేది చూస్తే గుండె జారుతుంది. ఉన్న కట్టడాన్ని ఉంచుకుంటే ఉన్న విస్తీర్ణం మీ చేతిలోనే ఉంటుంది. మా ఇంట్లో పడగొట్టాలన్న మాట ఆగిపోయింది ఈ లెక్కతోనే.

శిథిల భవనం అని నోటీసు వస్తే భయపడి సంతకం పెట్టేయకండి, పక్కనా పడేయకండి. గడువు లోపల అర్హత ఉన్న స్ట్రక్చరల్ ఇంజనీరు చేత చూపించి రిపోర్టు తీసుకోండి. మన ఊళ్ళో ఇంజనీరింగ్ కాలేజీల సివిల్ విభాగాలున్నాయి, అక్కడ అడగండి. ఏ భాగం ప్రమాదమో, ఏది నిలబడుతుందో విడిగా రాయించండి. ప్రమాదంగా ఉన్న బాల్కనీని వెంటనే ఆధారాలు పెట్టి నిలబెట్టి, కిందనుంచి ఎవరూ నడవకుండా కట్టండి. ప్రాణం ముందు, నగిషీ తర్వాత.

నాలుగో పని: డ్రాయింగు

లైసెన్సు ఉన్న సాంకేతిక నిపుణుడు, అంటే ఎల్‌టీపీ ద్వారానే ఆన్‌లైన్‌లో ప్లాన్ పెట్టాలి. ఎల్‌టీపీని ఎంచుకునేటప్పుడు ఫీజు ఒక్కటే అడక్కండి. 'ఉన్న కట్టడాన్ని కొలిచి గీస్తారా?' అని అడగండి. చాలామంది కొత్త ప్లాన్ గీసి ఇచ్చేస్తారు, ఉన్నది ఎలా ఉందో గీయరు. పాత మేడకు ఉన్నదే ముఖ్యం.

మీకు కావలసినవి: ఇప్పుడున్న ప్లాన్, మీరు కోరే ప్లాన్, ఇప్పుడున్న ముఖచిత్రం, మారాక ముఖచిత్రం. ఈ చివరి రెండూ ఒకే స్కేలులో పక్కపక్కన ఉండాలి. వీటితో పాటు ఎవరూ అడగని ఒక కాగితం మీరుగా జతచేయండి. వీధి పట్టీ. ఎదుటి నుంచి తీసిన ఐదు మేడల ఫొటో మీద మీ కొత్త ముఖం అతికించి చూపించడం. అది చూస్తే ఎవరికైనా అర నిమిషంలో అర్థమవుతుంది. మాకు షార్ట్‌ఫాల్ (ఫైల్లో లోపాలున్నాయన్న నోటీసు) వచ్చినప్పుడు, వార్డు ప్లానింగ్ సెక్రటరీ అమ్మాయి ఆ పట్టీ చూసి, "సార్, మీది పక్కవాటితో కలిసే ఉంది, సన్‌షేడు గీత ఒక్కటి కిందికి దిగింది చూడండి" అంది. నిజమే. తొమ్మిది అంగుళాలు దిగింది. సరిచేశాం.

ఆ పట్టీ మీద మీరు చూసుకోవలసింది కూడా ఇలాంటివే. పక్క మేడల పిట్టగోడ, సన్‌షేడు, గుమ్మం తలపైన గీతలు దాదాపు ఒకే వరసలో పోతుంటే మీవి తెగకూడదు. కిటికీలు నిలువుగా పొడుగ్గా ఉన్న వీధిలో అడ్డంగా పరిచిన అల్యూమినియం స్లైడింగ్ కిటికీ పెడితే నోట్లో పన్ను ఊడినట్టుంటుంది. వరండా స్తంభాలు ఉంటే వాటిని గోడలో కలిపేయకండి. ఎండకు, వానకు జనం తలదాచుకునేది ఆ వరండాలోనే. ఏసీ బాక్సులు, నీళ్ళ ట్యాంకు, డిష్ ఎక్కడ పెడతారో డ్రాయింగులోనే చూపించండి. లేకపోతే ఆఖరి రోజున పనివాడు ఎక్కడ చోటు దొరికితే అక్కడ, సాధారణంగా ఆర్చీ మధ్యలో, బిగిస్తాడు.

ఐదో పని: బోర్డు

నా మనసుకు దగ్గరైన అడుగు ఇదే, కాబట్టి కొంచెం ఎక్కువ రాస్తాను. వన్‌టౌన్ మెయిన్ రోడ్డులో మేడలు పాడైనది కూల్చడం వల్ల కంటే బోర్డుల వల్లే ఎక్కువని నాకనిపిస్తుంది. వెనక అందమైన సున్నపు పని అలాగే ఉంటుంది, ముందు ఇరవై అడుగుల షీటు.

పేరు తెలుగులో ఉండాలి. షాపుల నియమాల ప్రకారం పేరు బోర్డు మీద తెలుగు పైన, మిగిలిన భాషలు దాని కింద. కొత్త బోర్డు రాయించేటప్పుడు ఇది ముందే చూసుకుంటే లేబర్ తనిఖీలో టెన్షన్ ఉండదు. తెలుగు అక్షరాలకు గుండ్రటి పొంకం ఉంది. పై గుణింతాలకు, కింది ఒత్తులకు చోటు వదిలి రాయించాలి. ఇంగ్లీషు అక్షరాల ఎత్తు లెక్కతో డిజైను చేసి తెలుగును అందులో ఇరికిస్తే ఒత్తులు తెగిపోయి చదవడానికి రాదు. చేత్తో రాసే పెయింటర్లు ఇంకా ఉన్నారు. దొరికితే వదలకండి.

ఎక్కడ పెట్టాలి? షట్టర్‌కు, సన్‌షేడుకు మధ్య ఒక పట్టీ లాంటి జాగా ఉంటుంది. పాత మేస్త్రీలు పేరు కోసమే దాన్ని వదిలారేమో అనిపిస్తుంది. బోర్డు ఆ పట్టీలోనే, మీ షాపు గుమ్మం వెడల్పులోనే ఉండాలి. ఆర్చీ, వెంటిలేటర్, సంవత్సరం పలక, గజలక్ష్మి బొమ్మ, వీటిలో దేన్నీ కప్పకూడదు. రోడ్డు మీదికి పొడుచుకొచ్చే బోర్డు, మేడ నెత్తి మీద నిలబెట్టే బోర్డు పెట్టొద్దు. గాలికి ముందు ఎగిరేవి అవే, అనుమతికి ఎక్కువ చిక్కు వచ్చేదీ వాటికే. పై అంతస్తులో కిరాయికున్నవాళ్ళకు మెట్ల గుమ్మం దగ్గర అందరి పేర్లూ ఉన్న ఒక్క చిన్న పలక చాలు.

ఏదో కంపెనీ వచ్చి 'బోర్డు ఫ్రీగా వేసిస్తాం' అంటుంది. పెద్ద అక్షరాల్లో వాళ్ళ బ్రాండు, మూలన మీ పేరు. అది మీ పేరు బోర్డు కాదు, వాళ్ళ ప్రకటన. కార్పొరేషన్ ప్రకటన కింద లెక్కగడితే రుసుము మీ మెడకే చుట్టుకుంటుంది. ఫ్లెక్సీల సంగతి చెప్పనక్కర్లేదు. రాష్ట్ర ప్రభుత్వం వాటి నిషేధాన్ని 2022 ఆగస్టులో ప్రకటించింది మన ఊళ్ళోనే.

బిగించే పద్ధతి ఇంకా ముఖ్యం. ఇటుకలోకి, నగిషీలోకి డ్రిల్లు దించకూడదు. రెండు ఇటుకల మధ్య సున్నం అతుకులో దించాలి. రేపు బోర్డు తీసేస్తే ఆ రంధ్రాన్ని చిటికెడు సున్నంతో పూడ్చుకోవచ్చు. మామూలు ఇనుప క్లాంపు మన ఉప్పు గాలికి తొందరగా తుప్పు పడుతుంది. తుప్పు పడితే ఇనుము ఉబ్బుతుంది. ఉబ్బి చుట్టూ ఉన్న ఇటుకనో రాయినో లోపలినుంచి చీలుస్తుంది. అందుకని 316 గ్రేడు స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టులే వాడండి. ఖరీదు ఎక్కువే, కానీ నాలుగైదు బోల్టులతో అయిపోయే పని. నేరుగా గోడకు ఆనించకుండా వెనక రెండు అంగుళాల సందు వదలండి, గోడ ఆరుతుంది. వైర్లు గోడ చెక్కి దించకుండా వెంటిలేటర్ మూలనుంచి తీయండి. ఇళ్ళ ముందు పోయే లో టెన్షన్ తీగకు అడ్డంగా కనీసం 1.2 మీటర్ల దూరం ఉండాలి. సన్నటి వీధుల్లో ఇది చాలామంది మర్చిపోతారు. నిచ్చెన ఎక్కే పనివాడి ప్రాణం అది.

రాత్రికి మిరుమిట్లు గొలిపే లైటు వద్దు. అక్షరాల మీద పడేలా పసుపుపచ్చటి చిన్న ఎల్ఈడీ పట్టీ చాలు.

బోర్డు దరఖాస్తుకు ఒక పేజీ గీత ఇవ్వండి: పొడవు, ఎత్తు, నేల నుంచి ఎంత ఎత్తులో, దేనితో చేసింది, బరువు, ఎలా బిగిస్తారు, లైటు ఎలాంటిది. పక్కన ఫొటో మీద అతికించిన బొమ్మ. ఇంత ఇస్తే అడగడానికి ఏమీ మిగలదు.

ఆరో పని: దరఖాస్తు, తర్వాత ఓపిక

డీపీఎంఎస్‌లో (ప్లాన్ అనుమతుల ఆన్‌లైన్ వ్యవస్థ) ఫైలు ఎక్కాక వార్డు ప్లానింగ్ సెక్రటరీ వచ్చి చూస్తారు. ఆ రోజు మీరు ఇంట్లో ఉండండి. మేడంతా తిప్పి చూపించండి, ముఖ్యంగా ఏమీ మార్చని భాగాలు. 'ఇది ఉంచుతున్నాం, ఇది తీస్తున్నాం, దీనికి కారణం ఇది' అని మూడు ముక్కల్లో చెప్పండి. షార్ట్‌ఫాల్ వస్తే కోపం తెచ్చుకోకండి. అడిగిన ప్రతి అంశానికి విడిగా, అదే వరసలో జవాబు రాయండి. తిరస్కరిస్తే కారణం రాతలో తీసుకోండి. ఒక్కోసారి మొత్తం కాదనరు, ఒక్క అంశం దగ్గరే ఆగుతుంది. షట్టర్ వెడల్పు తగ్గించి, ఆర్చీ ఉంచేసి మళ్ళీ పెడితే అయిపోయిన పనులున్నాయి.

పక్కింటివాళ్ళకు ముందే చెప్పండి. ఉమ్మడి గోడ ఉంటే వాళ్ళ సంతకం మీకు కొండంత అండ. వారసత్వ సంపదను కాపాడే ఇంటాక్ సంస్థ విశాఖ విభాగం లాంటి చోట పాత కట్టడాల మీద పట్టున్నవాళ్ళను కలిసి డ్రాయింగు చూపించండి. వాళ్ళ మాట చట్టం కాదు, కానీ మీకు కనిపించనిది వాళ్ళకు కనిపిస్తుంది.

ఏడో పని: మేస్త్రీ, సున్నం

అనుమతి చేతికొచ్చాక పని పాడయ్యేది ఇక్కడే. మా గోడలు సున్నంతో కట్టినవి. మొదట వచ్చిన కాంట్రాక్టరు సిమెంటు ప్లాస్టరింగు అన్నాడు. రేటూ తక్కువే. మా అదృష్టం కొద్దీ సింహాచలం దగ్గర్నుంచి వచ్చే ఒక ముసలి మేస్త్రీ గోడ మీద వేళ్ళతో తట్టి చూసి అన్నాడు: "సున్నం గోడకి సిమెంటు పడదు బాబూ. లోపల చెమ్మ బయటికి రాదు. రెండేళ్ళకి పెచ్చులు పెచ్చులుగా ఊడొస్తాది, ఊడొచ్చినప్పుడు ఇటికని కూడా పట్టుకొచ్చేస్తాది."

ఆయన చెప్పింది అక్షరాలా నిజం. సున్నం గోడ గాలి పీల్చుకుంటుంది. నేలలోంచి ఎక్కిన చెమ్మ గోడ ముఖం మీదనుంచి ఆరిపోతుంది, సముద్రపు గాలితో చేరిన ఉప్పు దానితో పాటు పైకి వచ్చేస్తుంది. సిమెంటు ఆ దారి మూసేస్తుంది. ఉప్పు లోపలే గడ్డకట్టి ఇటుకను పిండి చేస్తుంది. ప్లాస్టిక్ ఎమల్షన్ రంగు చేసే అన్యాయమూ ఇలాంటిదే. అందుకని గానుగ సున్నం, ఇసుక, కొంచెం ఇటుక పొడి, కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్ళు. ఇసుక బీచ్ నుంచి తేవొద్దు. ఉప్పు గోడలోకి మీరే చేర్చినట్టవుతుంది, తీరంలో ఇసుక తవ్వడం నేరం కూడా. సున్నం పని తొందరపెడితే పగుళ్ళిస్తుంది. పొర తర్వాత పొర, మధ్యలో తడుపు, నీడ. వానాకాలం పెట్టుకోకండి, సంక్రాంతి తర్వాత మొదలెట్టండి. మొత్తం గోడకు దించేముందు వెనక గోడ మీద మూడడుగుల ముక్క వేయించి, నెల రోజులు చూడండి.

మద్రాసు టెర్రస్ పైకప్పు (దూలాల మీద ఇటుక, సున్నంతో వేసింది) ఉంటే, టేకు దూలాల కొసలు గోడలోకి వెళ్ళే చోట పొడిచి చూడండి. కుళ్ళేది అక్కడే మొదలవుతుంది. కొస ఒక్కటి పాడైతే దూలం మొత్తం మార్చనక్కర్లేదు, కొత్త టేకు ముక్క అతికించే వడ్రంగులున్నారు.

పలక దగ్గరికి వచ్చేసరికి మేస్త్రీ లతల్ని ఒక రోజంతా కూర్చుని చేత్తో దిద్దాడు. తర్వాత నిచ్చెన మీదనుంచే అడిగాడు, "నాలుగో అంకె ఏటి బాబూ?" దస్తావేజులో స్థలం కొన్న సంవత్సరం ఉంది, మేడ కట్టింది లేదు. పన్ను పుస్తకాల్లో దొరకలేదు. మా నాన్నగారు 'ఆరు అనుకుంటాను' అన్నారు. చిన్నాన్నగారు 'ఎనిమిది' అన్నారు. ఆ జాగాను నున్నగా సున్నం పూసి వదిలేయమన్నాం. తెలియనిదాన్ని ఊహించి పోస్తే రేపు చూసేవాళ్ళు దాన్నే నిజమనుకుంటారు. మీ మేడలోనూ విరిగిపోయిన బొమ్మ, పోయిన కిటికీ ఉంటే ఇదే పాటించండి. ఫొటో ఆధారం ఉంటే అచ్చంగా చేయించండి, లేకపోతే సాదాగా వదిలేయండి.

ఎనిమిదో పని: పని అయ్యాక

మొదట నిలబడ్డ చోటే, ఎదుటి పేవ్‌మెంటు మీద, అదే పొద్దుటి ఎండలో మళ్ళీ ఫొటోలు తీయండి. అనుమతి కాపీ, డ్రాయింగులు, ముందూ తర్వాతా ఫొటోలు, సున్నం పాళ్ళు, బోల్టుల బిల్లు, మేస్త్రీ పేరు అన్నీ ఒక ఫైల్లో పెట్టి దస్తావేజుతో పాటే దాచండి. షాపు అద్దెకిచ్చేటప్పుడు ఒప్పందంలో బోర్డు గురించి ఒక పేరా రాయించండి: ఎంత పొడవు, ఏ పట్టీలో, ఏ బోల్టులతో, ఖాళీ చేసేటప్పుడు ఎవరు విప్పాలి, రంధ్రాలు ఎవరు పూడ్చాలి. మా ఇప్పటి ఒప్పందంలో గీత కూడా జతచేశాం, కిరాయిదారు దాని మీద సంతకం పెట్టాడు.

ఏటా సెప్టెంబరు ఆఖరున, తుపాన్ల కాలం ముదరకముందు, నిచ్చెన వేసి ప్రతి బోల్టూ కదిపి చూడండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఈ ఊళ్ళో బోర్డులు కాగితాల్లా ఎగిరిన సంగతి చూసినవాళ్ళెవరూ మర్చిపోరు. పెంకులు జారాయేమో, పిట్టగోడ తూముల్లో రావి మొక్క మొలిచిందేమో చూడండి. మొలిస్తే లాగకండి, సున్నం వదిలేస్తుంది. మొదట్లోనే కోసి, వేరు చచ్చేలా మందు పెట్టి, ఎండాక తీసి, ఆ సందును అదే పాళ్ళ సున్నంతో పూడ్చండి.